ఈవెంట్ వ్యూయర్: ఎర్ర గుర్తులు నా కంప్యూటర్‌లోనూ ఉన్నాయి

కంప్యూటర్‌లో జరిగే సంగతుల నమోదులను చూపించే, విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. దానిమీద నాకు ఎంత అభిమానమో, అందులోని ఒక జాబితా మీద అంత కోపం. ‘అడ్మినిస్ట్రేటివ్ ఈవెంట్స్’ అనే ఆ జాబితా, వేర్వేరు చోట్ల నమోదైన తప్పులను, హెచ్చరికలను ఏరి ఒకేచోట కుప్ప పోస్తుంది. సవ్యంగా జరిగినవేవీ అందులో కనిపించవు. నిక్షేపంగా నడుస్తున్న కంప్యూటర్‌లో తెరిచినా ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు వరుసగా దిగుతాయి. ఏది ప్రమాదమో, ఏది పట్టించుకోనక్కర్లేదో చెప్పే మాట అక్కడ లేదు. కంప్యూటర్ బాగుచేస్తామంటూ ఫోనులో మోసం చేసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ముందు మేలు చెప్పాలి. ఒకప్పుడు నా కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే రిపేరు షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారు. ఇంటికి వచ్చి చూస్తే, బిగుసుకుపోయిన ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లో ‘డిస్క్’ పేరుతో 7వ నంబరు నమోదై ఉంది (ఒక్కో రకం సంగతికి ఒక్కో నంబరు). డిస్కులో పాడైన భాగం ఉందని దాని అర్థం. డిస్కు ఒక్కటే మార్చాను. మదర్‌బోర్డు ఇప్పటికీ అదే.

మా మామయ్యకు వచ్చిన ఫోనుతో ఆ అభిమానానికి కొంత కోత పడింది.

ఆయన ఒంటరిగా ఉంటారు. ఫొటోలు, ఉత్తరాలు, బ్యాంకు పని, అంతే ఆయన కంప్యూటర్ వాడకం. ‘విండోస్ సపోర్టు నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్ నుంచి మాకు వైరస్ సంకేతాలు వస్తున్నాయి’ అన్నాడట అవతలివాడు. ఒక్కో అక్షరమే పలికి టైపు చేయించి ఈవెంట్ వ్యూయర్ తెరిపించాడు. ఎర్ర గుర్తులు ఎన్ని ఉన్నాయో ఆయనచేతే లెక్కపెట్టించి, పక్కనున్న నంబర్లను కాగితం మీద రాయించాడు. అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. ఎవరో చెప్పినదాన్ని అనుమానించవచ్చు. తన కంప్యూటర్‌లో, తానే తెరిచి, తన కళ్లతో చూసినదాన్ని ఏమని అనుమానిస్తారు?

చాలదన్నట్టు, ‘మీ కంప్యూటర్ లైసెన్సు సంఖ్య మా దగ్గర ఉంది, సరిచూసుకోండి’ అంటూ నల్ల తెరలో ఒక ఆదేశం ఇప్పించి, 888డిసిఏ60తో మొదలయ్యే పొడవాటి సంఖ్య చదివాడు. తెరమీద సరిగ్గా అదే ఉంది. జిప్ ఫోల్డర్లకు సంబంధించిన ఆ అంతర్గత గుర్తు అన్ని విండోస్ కంప్యూటర్లలోనూ ఒకటే. ఆ సంగతి మామయ్యకు తెలిసే అవకాశం ఎక్కడిది?

తర్వాత, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టించి లోపలికి వచ్చాడు. ‘సిస్టమ్’ లాగ్‌ను, అంటే ఆ నమోదుల్లో ఒక భాగాన్ని, తుడిచేశాడు. కొన్ని ఎర్ర గుర్తులు మాయమయ్యాయి. ‘ఒక భాగం ఉచితంగా శుభ్రం చేశాం, మిగతాదానికి ఒప్పందం తీసుకోండి’ అన్నాడు. కార్డు నంబరు ఇచ్చే ముందు మామయ్య నాకు ఫోను చేశారు. మోసమేమో అని కాదు, ఏడాది ఒప్పందం మంచిదా, రెండేళ్లదా అని అడగడానికి.

‘‘ముందు ఇంటర్నెట్ తీగ పీకేయండి మామయ్యా’’ అన్నాను. పీకారు కానీ నమ్మలేదు. ‘‘వాడు దొంగే అనుకో. ఆ గుర్తులు వాడు రాకముందే ఉన్నాయి కదరా, అవెలా వచ్చాయి?’’ అన్నారు. న్యాయమైన ప్రశ్న. నా కంప్యూటర్‌లో అదే జాబితా తెరిచి పైనుంచి చదవడం మొదలుపెట్టాను. ‘‘10016 మీ కాగితం మీద ఉందా?’’ ఉంది, చాలాసార్లు ఉంది. నా దగ్గరా అంతే. దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఉంది. కాసేపు విని, ‘‘అయితే నీదీ పాడైందా?’’ అన్నారు. ‘‘నాది బాగానే ఉంది. మీదీ అంతే.’’ అప్పటికి ఆయన గొంతు తేలికపడింది.

బ్యాంకు పాస్‌వర్డును వేరే పరికరం నుంచి మార్పించాను. తర్వాత వెళ్లి, విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించే ముందు లాగ్ చూశాను. తుడిచిన చోట 104వ నంబరు నమోదు ఉంది. లాగ్‌ను తుడిచేశారని, ఎప్పుడు, ఏ ఖాతా నుంచి తుడిచారో అందులో ఉంది. తుడిచిన సంగతిని కూడా రాసిపెట్టుకోవడం ఈ పరికరంలో నాకు అన్నిటికంటే నచ్చింది. అయితే పాత నమోదులన్నీ పోయాయి. మామయ్య ఎప్పటినుంచో చెబుతున్న నెమ్మదితనం డిస్కు వల్లా కాదా అన్నది అందులో వెతికే వీలు లేకపోయింది. నా మదర్‌బోర్డును కాపాడిన సాక్ష్యం కూడా ఒక్క క్లిక్కుతో పోగలిగేదే. తుడవకపోయినా, లాగ్ నిండితే పాతవి చెరిగిపోతాయి. పైగా 7వ నంబరంత స్పష్టంగా అన్నీ మాట్లాడవు. 41 అనే నమోదు కంప్యూటర్ సవ్యంగా ఆగకుండానే మళ్లీ మొదలైందని చెబుతుంది, కారణం చాలాసార్లు చెప్పదు.

ఈవెంట్ వ్యూయర్‌కు బదులుగా, కంప్యూటర్ ఎంత నిలకడగా నడుస్తోందో చూపే రిలయబిలిటీ మానిటర్‌ను మామయ్యకు చూపించాను. రోజువారీ గీత, 1 నుంచి 10 వరకు అంకె, చదవడం సులువే. అందులోనూ ఎర్ర గుర్తులున్నాయి. ఫోను చేసినవాళ్లు ఎవరు అడిగినా రెండూ తెరవవద్దని చెప్పి వచ్చాను.

బంధువుల కంప్యూటర్లు చూసిపెట్టే పని నాది కాబట్టి ఈవెంట్ వ్యూయర్ నాకు కావాలి, వాడుతూనే ఉంటాను. అడగడానికి పక్కన మనిషి లేనివాళ్లకు మాత్రం, ఆ జాబితాలో ‘ఇది మామూలే’ అన్న ముక్క చేరేదాకా సిఫారసు చేయలేను.