విశాఖ ఉప్పుగాలికి సైజు 5 రబ్బరు రగ్బీ బంతి నిలుస్తుందా?

ఆర్కే బీచ్‌లో పొద్దుటి సాధనకు ఈ సింథటిక్ రబ్బరు బంతి చాలు. మ్యాచ్‌కి మాత్రం వద్దు, పైనున్న బొడిపెలు అరిగే కొద్దీ పట్టు జారుతుంది.

కొనేటప్పుడు త్రాసు మీద పెట్టించండి. నియమం ప్రకారం 410 నుంచి 460 గ్రాములు, పొడవు 28-30 సెంటీమీటర్లు ఉండాలి. గాలి 9.5-10 పీఎస్ఐ. పంపు సూదిని తడపకుండా గుచ్చితే వాల్వు చిరిగి, గాలి మెల్లగా దిగిపోతుంది. అనుమానమొస్తే బకెట్ నీళ్లలో ముంచితే బుడగలే చెబుతాయి. ఎండలో స్కూటర్ డిక్కీలో వేడెక్కిన బంతికి గేజ్ పెట్టకండి, రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

అసలు శత్రువు ఉప్పు. బొడిపెల మధ్య పేరుకుంటే బంతి సబ్బుముక్కే. ఆడగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి.

జారే బంతి అలవాటు కూడా సొంతగడ్డ బలంలో భాగమే. 2019 రగ్బీ ప్రపంచకప్‌లో జపాన్ ఉక్కపోత విదేశీ జట్ల చేతుల్ని ఇబ్బంది పెట్టింది. ఆతిథ్య జట్టు ఐర్లాండ్‌ను 19-12తో, స్కాట్లాండ్‌ను 28-21తో ఓడించి తొలిసారి క్వార్టర్స్ చేరింది. అలాగని దాన్ని మరీ నమ్ముకోకూడదు: 1987-2023 మధ్య 10 పురుషుల ప్రపంచకప్‌లలో ఆతిథ్య దేశం గెలిచినవి 3 మాత్రమే (న్యూజిలాండ్ 1987, 2011, దక్షిణాఫ్రికా 1995). 2015లో ఇంగ్లండ్ సొంతగడ్డపై పూల్ దశ కూడా దాటలేదు.

విశాఖ ఉక్కలో ఆడే జట్లు సాధన చివరి పది నిమిషాలు బంతిని కావాలనే తడిపి పాస్‌లు వేయించాలి. ఆ పనికి ఖరీదైన మ్యాచ్ బంతి కంటే ఇదే నయం.