వైఫై ప్రింటర్‌తో కొన్నేళ్లు: కలపడం తేలిక, నిలబెట్టడమే అసలు పని

మా ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఒకటి కొన్నేళ్లుగా వైఫై మీదే నడుస్తోంది. రెండు ల్యాప్‌టాప్‌లు, ఇంట్లో అందరి ఫోన్లు దానికే పంపుతాయి. ప్రింట్ బాగానే వస్తుంది, దాని గురించి ఇంకేం చెప్పను. చెప్పాల్సిందల్లా కనెక్షన్ గురించే.

కొత్తలో కలపడానికి పెద్దగా తంటా ఉండదు, ఒక్క విషయం తెలిస్తే చాలు. ఇళ్లలో వాడే చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే కొన్ని ప్రింటర్ల యాప్ ఎంతసేపు వెతికినా ప్రింటర్ దొరకదు. రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, సెటప్ అయ్యేదాకా ఫోన్‌ని 2.4లో ఉంచితే పని అయిపోతుంది. పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ ఉంటే ఇంకా సులువు: రౌటర్ మీద నొక్కి, 2 నిమిషాల్లోపు ప్రింటర్ మీదా నొక్కాలి. మినుకుమినుకుమనే లైటు నిలకడగా వెలిగిందంటే కలిసినట్టే. కలిశాక రౌటర్‌లో డబ్ల్యూపీఎస్ ఆపేయండి, ముఖ్యంగా అందులో పిన్ నంబర్‌తో కలిపే పద్ధతిని. దాన్ని ఛేదించవచ్చని 2011లోనే బయటపడింది. రౌటర్‌ని డబ్ల్యూపీఏ3 అనే కొత్త సెక్యూరిటీ మోడ్ ఒక్కదానికే పరిమితం చేసినా పాత ప్రింటర్లు లోపలికి రాలేవు. డబ్ల్యూపీఏ2, 3 కలిసిన మోడ్ పెట్టాలి.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. పేపర్ ఉంటుంది, ఇంక్ ఉంటుంది, వైఫై లైటు వెలుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అంటుంది. అర్జెంటుగా ఫారం ప్రింట్ తీయాల్సినప్పుడు ఇలా అయితే ఎంత ఒళ్లు మండుతుందో వాడేవాళ్లకే తెలుసు. చాలామంది డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్లీ వేస్తారు. ఆ పూటకి పనిచేస్తుంది, కరెంటు పోయి వచ్చాక మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే ప్రింటర్‌కి ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా, ఇచ్చేది రౌటర్. రౌటర్ ఆగి మళ్లీ లేచినప్పుడు నిన్న 192.168.1.5 ఇచ్చినది ఇవాళ 192.168.1.8 ఇవ్వొచ్చు. ల్యాప్‌టాప్ ఇంకా పాత అడ్రస్‌కే పంపుతూ కూర్చుంటుంది.

నా దగ్గర దీన్ని శాశ్వతంగా వదిలించింది అడ్రస్ రిజర్వేషన్. ప్రింటర్‌లోంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీస్తే అందులో మ్యాక్ అడ్రస్, అంటే ఆ ప్రింటర్‌ని గుర్తుపట్టే సొంత నంబర్, ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ దగ్గర ఆ మ్యాక్ కొట్టి, ఒక ఐపీ దానికే కేటాయించాలి. తర్వాత విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్‌లో విండోస్ తనంతట తను పెట్టుకునే డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ బదులు అదే ఐపీతో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ చేర్చాలి. అప్పటికీ ఆఫ్‌లైన్ అంటుంటే, అదే పోర్ట్ సెట్టింగ్స్‌లో ప్రింటర్ స్థితిని అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ దగ్గర టిక్ తీసి చూడండి. ఈ మార్పు తర్వాత మా ప్రింటర్ మళ్లీ మొండికేయలేదు. ఇది బాక్స్‌లో వచ్చే కాగితం మీద మొదటి పేజీలోనే ఉండాల్సిన సంగతి. మా దాంట్లో ఎక్కడా లేదు.

ఫోన్ల నుంచి మాత్రం హాయి. ఐఫోన్‌లో నేరుగా ప్రింట్ పంపే ఎయిర్‌ప్రింట్ 2010 నుంచే ఉంది, ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు ప్రింట్ సర్వీస్ ఫోన్‌తోనే వస్తోంది. అయితే గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కి సాధారణంగా ప్రింటర్ కనిపించదు, భద్రత కోసం రౌటర్ రెంటినీ విడదీస్తుంది. చుట్టాలకి ప్రింట్ కావాలంటే మా పాస్‌వర్డ్ ఇవ్వకుండా, రౌటర్‌తో పని లేకుండా ఫోన్ నేరుగా ప్రింటర్‌కే కలిసే వైఫై డైరెక్ట్‌తో తీసిస్తాను.

రౌటర్ మార్చినా భయం లేదు. కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత సెక్యూరిటీ మోడ్ పెడితే ప్రింటర్ తనంతట తనే కలుస్తుంది. అడ్రస్ రిజర్వేషన్ మాత్రం కొత్త రౌటర్‌లో మళ్లీ చేయాలి.

ఒక్క ల్యాప్‌టాపే ఉండి, ప్రింటర్ పక్కనే ఉండేవాళ్లకి యూఎస్‌బీ కేబులే మేలు. మిగతావాళ్లు కొనేటప్పుడు చిన్న స్క్రీన్ ఉన్న మోడల్ చూసుకోండి. స్క్రీన్ లేనిదాంట్లో ఏ లైటు ఎన్నిసార్లు ఆరి వెలిగిందో లెక్కపెట్టి తప్పేమిటో పోల్చుకోవాలి. వెనక లాన్ పోర్ట్ కూడా ఉంటే మరీ మంచిది, రౌటర్ దగ్గరే పెట్టి వైరు గుచ్చేయొచ్చు, ఫోన్లు వైఫైలోనే ఉండి ప్రింట్ పంపుతాయి.