నేతి పొడి, మెంథాల్, ఆప్రికాట్: ముక్కుకు ఏది మేలు?

ముక్కుపొడి మాటెత్తితే మన తిరుపతిలో రెండు రకాల మనుషులు తగులుతారు. "ముసలోళ్ళ యవ్వారం మనకెందుకబ్బా" అనేవాళ్ళు ఒకరు, "పట్నం పొడి తప్ప మిగిలినవన్నీ ఉత్త సెంటు" అనేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళతో నాకు పేచీ లేదు, నిజానికి వాళ్ళు అట్లాగే ఉండిపోతే మంచిది, ఎందుకంటే నికోటిన్ ముక్కులోంచి పోయినా నికోటినే, ఒకసారి పట్టుకుంటే వదలదు. ఈ రాతంతా ఇప్పటికే జేబులో డబ్బీ పెట్టుకు తిరిగేవాళ్ళ కోసం, ముఖ్యంగా ఈ మధ్య జర్మనీ, ఇంగ్లండు డబ్బీలు తెప్పించుకుని "ఇది మేలా అది మేలా" అని నన్ను అడుగుతున్న స్నేహితుల కోసం.

ముందు మన పొడి సంగతి. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరమని, అరవ దేశపు అలవాట్లు మనకు ఎప్పుడో వచ్చేశాయి, అందుకే ఇక్కడ పాతవాళ్ళకు పొడి అంటే టి.ఎ.ఎస్. రత్నం వాళ్ళ పట్నం పొడి, లేకుంటే అంబాళ్ వాళ్ళది. ఒకప్పుడు అంగట్లో పెద్ద జాడీలోంచి పొడుగు కాడ గరిటెతో తీసి ఎండిన అరటి పట్టలో మడిచి ఇచ్చేవాళ్ళు. ఈ మద్రాసు రకం పొడిలో అసలు కిటుకు రెండు వస్తువుల్లో ఉంది, నెయ్యి, సున్నం. పొగాకును బాగా ఎండబెట్టి, వేయించి, మెత్తగా దంచి, సున్నపు తేటతో, నేతితో కలుపుతారు. నెయ్యి వల్ల కమ్మటి వాసన, కొంచెం జిగురు, పొడి ఎగరకుండా ఉండటం. సున్నం వల్ల క్షారగుణం పెరిగి నికోటిన్ ముక్కు పొరలోంచి చకచకా ఒంట్లోకి దిగుతుంది, అందుకే చిటికెడంటే చిటికెడే పీల్చినా కళ్ళల్లో నీళ్ళు తిరిగి తల ఒక్కసారి తేలికైనట్టుంటుంది. దీనికి వాసనలు కలపాల్సిన పనే లేదు. కాల్చిన పొగాకు, కాగిన నెయ్యి, అడుగున కాస్త మట్టి వాసన, అంతే. తెల్ల పంచె కట్టేవాళ్ళకు మాత్రం దీంతో ఇంట్లో రోజూ గొడవే, చేతిగుడ్డ మీద ఆ గోధుమరంగు మరక ఎంత ఉతికినా పోదు.

మెంథాల్ రకాల్లో అందరికీ తెలిసింది పోష్ల్ కంపెనీ గ్లెట్షర్‌ప్రీజె, జర్మనీలోని బవేరియాలో తయారవుతుంది, పేరుకు అర్థం కూడా మంచుకొండ చిటికె అనే. పీల్చగానే ముక్కులోంచి నుదుటి దాకా చల్లగా పాకుతుంది, మే నెలలో తిరుపతి ఎండకు ఇంతకంటే సుఖం ఉందా అనిపిస్తుంది. జలుబున్నవాళ్ళు దీన్ని మందులాగా చూస్తారు, అదే తంటా. మెంథాల్ ముక్కులో చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుందే కానీ దిబ్బడను తగ్గించదు, గాలి పోయే దారి అంతకుముందు ఎంతుందో అంతే ఉంటుంది, మనకు మాత్రం తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ముక్కు దిబ్బడకైతే ఆవిరి పట్టండి. ఇక పొగాకు రుచి అంటారా, ఆ చల్లదనం కింద అది ఏ పొగాకో కనిపెట్టడం నావల్ల కాలేదు.

పండ్ల వాసనల్లో గావిత్ ఆప్రికాట్ కథ వేరు. ఇది కొంచెం తేమగా, ముతకగా ఉంటుంది, కాబట్టి గొంతులోకి జారకుండా ముక్కు ముందుభాగంలోనే నిలబడుతుంది, తుమ్ములు తక్కువ, మంట ఇంకా తక్కువ. మూత తీస్తేనే పక్కసీటువాళ్ళు ఎవరో మిఠాయి తింటున్నారని తిరిగి చూస్తారు. ఎండాకాలం జాగ్రత్త, మన వేడికి తేమ ఆరిపోయి నెల తిరక్కుండానే వాసన సగం పోతుంది, గట్టి మూత ఉన్న గాజు సీసాలోకి మార్చుకోవాలి. మన పొడిది తద్విరుద్ధం, దానికి కార్తీక మాసం వానలే శత్రువు, గాలిలో చెమ్మకు ముద్దలు కట్టేస్తుంది.

ఇంగ్లండు రకాల్లో నాకు నచ్చింది ఎస్.పి. అనే రకం. షెఫీల్డ్‌లో 1737 నుంచి ఉన్న విల్సన్స్ ఆఫ్ షారో వాళ్ళది చూశాను, నారింజ తొక్క గిల్లితే వచ్చే వాసన లాంటిది పైపైన ఉంటుంది, దాని కింద పొగాకు పొగాకులాగే తెలుస్తుంది. సెంటు పొడి అని తీసిపారేసేవాళ్ళు ఒకసారి దీన్ని వాసన చూసి మాట్లాడాలి. అన్నట్టు, ఇంగ్లండువాళ్ళకు మన పొడి కొత్తేమీ కాదు, లండన్‌లో 1720లో మొదలైన ఫ్రైబర్గ్ అండ్ ట్రేయర్ దుకాణం మసూలిపట్నం పేరుతోనే ఒక రకం అమ్మేది. మన బందరు పేరు చెప్పుకుని దొరలు తుమ్మారు, మనమేమో ఇప్పుడు వాళ్ళ డబ్బీలకు కొరియర్ చార్జీలు కడుతున్నాం.

మరి ఏది మేలు? వాసనకైతే ఎస్.పి., అందులో నాకు అనుమానమే లేదు. రోజువారీకైతే మాత్రం నా ఓటు నేతి పొడికే, కారణం రుచి కాదు, కాస్త తిరకాసుగా అనిపించినా వినండి. నేతి పొడి మొరటుది, ఒక చిటికె అయ్యాక రెండోదానికి ముక్కే వద్దంటుంది. ఆప్రికాట్, మెంథాల్ అట్లా కాదు, మంట లేదు కాబట్టి చెయ్యి దానంతటదే డబ్బీలోకి పోతుంది, సినిమా చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ, సిగ్నల్ దగ్గర బండి ఆపి కూడా. చిటికెకు చిటికె పోలిస్తే అవే నెమ్మదైనవి, రోజు మొత్తం లెక్కేస్తే అవే ఎక్కువ లోపలికి పోతాయి. సిగరెట్ మానేసి వీటికి మారిన నా స్నేహితుల్లో అందరికంటే ఎక్కువ పీల్చేది మెంథాల్ వాడే ఆయనే, అడిగితే "చల్లగా ఉంటుంది కదన్నా, ఇదేం చేస్తుంది" అంటాడు.

ఏం చేస్తుందో కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. జాన్ హిల్ అనే లండన్ వైద్యుడు 1761లోనే పొడి అతిగా పీల్చేవాళ్ళకు ముక్కులో గడ్డలు లేవడం గురించి రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం పొగలేని పొగాకును క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. అందులో ఆప్రికాట్ వాసనకు మినహాయింపేం లేదు, నేతి పొడికీ లేదు. పొడిని పంటి చిగుళ్ళకు రుద్దే అవ్వలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, అది వీటన్నిటికంటే చెడ్డ అలవాటు, ఇంట్లో ఉంటే మాన్పించండి.

రెండూ కావాలనుకుంటే నేను చేసే పద్ధతి ఇది. నేతి పొడి జేబులో ఉంటుంది, సెంటు రకాలు బీరువాలో ఉంటాయి, ఆదివారం భోజనమయ్యాకే బయటికొస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఆ పండ్ల వాసన డబ్బీలు అందేచోట అసలు పెట్టొద్దు, మిఠాయి అనుకుని నోట్లో వేసుకుంటే ప్రమాదం. 2003 నాటి పొగాకు చట్టం జాబితాలో ముక్కుపొడి కూడా ఉంది కాబట్టి 18 ఏళ్ళలోపు కుర్రాళ్ళను అంగడికి పంపి తెప్పించుకోవడం కూడా కుదరదు. కొండకు పోయే రోజు మాత్రం ఏ రకమైనా సరే ఇంట్లోనే వదిలేసి పోండి, అలిపిరి తనిఖీలో పొగాకు సరుకు ఏది కనబడినా తీసి పక్కన పడేస్తారు, ఎస్.పి. డబ్బీ ఖరీదెంతో వాళ్ళకు చెప్పి లాభం లేదు.