రాకెట్లపై తొలి పుస్తకాలు: పెరెల్మాన్, లాసర్, లే – ఏది మేలు?

తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌కు ముందు సామాన్య పాఠకుల కోసం వచ్చిన అంతరిక్షయాన పుస్తకాలలో దేనితో మొదలుపెట్టాలని చాలామంది అడుగుతుంటారు. యాకొవ్ పెరెల్మాన్ 1915లో రష్యన్‌లో వెలువరించిన ‘గ్రహాంతర ప్రయాణాలు’, డేవిడ్ లాసర్ 1931లో అమెరికాలో ప్రచురించిన పుస్తకం, విల్లీ లే 1944లో తెచ్చిన ‘రాకెట్లు’, ఈ మూడింటి మధ్యనే పోటీ. రాకెట్ సిద్ధాంతవేత్త హెర్మన్ ఓబెర్త్ 1923 గ్రంథం గణితం బాగా వచ్చినవారి కోసం రాసినది; దానిని తేలికపరుస్తూ మాక్స్ వాలియర్ మరుసటి ఏడు రాసిన పుస్తకాన్ని ఆసక్తి ఉంటే తరువాత చూడవచ్చు.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఒక్కటే: గాలి లేని చోట రాకెట్ దేనిని ఆసరా చేసుకొని ముందుకు పోతుందన్న సందేహాన్ని రచయిత ఎలా తీర్చాడు? 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గొడార్డ్‌ను, శూన్యంలో రాకెట్ పనిచేయదంటూ, ఈ విషయంలోనే తప్పుపట్టింది. ఆ పొరపాటును అది దిద్దుకున్నది అపోలో 11 చంద్రుడి దారిలో ఉన్న 1969 జూలై 17న. చదువుకున్నవారిలో సైతం అంతగా పాతుకుపోయిన సందేహమది.

పెరెల్మాన్ నేరుగా రాకెట్ దగ్గరకు తీసుకుపోడు. నవలాకారుడు వెల్స్ ఊహించిన గురుత్వాన్ని అడ్డగించే పదార్థాన్ని, జూల్స్ వెర్న్ నవలలో మనుషులను చంద్రుడి వైపు పేల్చే ఫిరంగిని, కాంతి పీడనాన్ని వరుసగా పరీక్షించి, ఎందుకు పనికిరావో చూపిస్తాడు. ఫిరంగి సంగతి మనమూ లెక్కవేసుకోవచ్చు. సుమారు 270 మీటర్ల గొట్టంలోనే సెకనుకు 11 కిలోమీటర్ల వేగం అందాలంటే, లోపలి మనిషి మీద అతని బరువుకు ఇరవై వేల రెట్లకు పైగా ఒత్తిడి పడుతుంది. అంటే వేగం క్రమంగా పెరగాలి, శూన్యంలో బయటి ఆసరా ఏదీ దొరకదు. కాబట్టి వెంట తీసుకుపోయిన పదార్థాన్నే వెనక్కి విసరాలి. రష్యన్ రాకెట్ సిద్ధాంతవేత్త త్సియోల్కోవ్‌స్కీ రాకెట్ ప్రస్తావన వచ్చేసరికి పాఠకుడు ఈ నిర్ణయానికి తనంతట తానే చేరుకొని ఉంటాడు. ఇంతటి గౌరవం పాఠకుడికి ఇచ్చిన పుస్తకం ఆ కాలంలో మరొకటి నాకు కనిపించలేదు.

లాసర్ బలం లెక్కలో కంటే నచ్చజెప్పడంలో ఉంది. 1930లో ఏర్పడిన అమెరికన్ అంతర్‌గ్రహ సంఘానికి తొలి అధ్యక్షుడైన ఆయన రచన, బాలుడిగా ఉన్న ఆర్థర్ క్లార్క్‌ను ఈ మార్గంలోకి మళ్లించింది. ఉత్సాహం కోరేవారికి అది చాలు.

చరిత్ర కావాలంటే మాత్రం లే పుస్తకమే చదవాలి. 1927లో జర్మనీలో పుట్టిన రాకెట్ సంఘంలో, బెర్లిన్ ప్రయోగ క్షేత్రంలో జరిగిన వాటిని ఆయన దగ్గరుండి చూశాడు. 1935లో దేశం విడిచి వెళ్లాడు. తరువాతి కూర్పులలో జర్మన్ యుద్ధ రాకెట్ వి-2 కథనూ చేరుస్తూ గ్రంథాన్ని పెంచుతూ పోయాడు. అయినా పెరెల్మాన్ తరువాత దీనిని రెండవదిగా చదవమనే నా సలహా. రాకెట్ వేగం దాని నుంచి వెలువడే వాయువుల వేగానికి సమానం కావాలంటే బయలుదేరేటప్పటి బరువు చివరకు మిగిలేదానికి 2.7 రెట్లు, వాయువుల వేగానికి రెట్టింపు కావాలంటే 7.4 రెట్లు ఉండాలన్న సూత్రం ముందుగా మనసుకెక్కితే, బెర్లిన్ బృందం తుపాకిమందును వదిలి, వాయువులను మరింత వేగంగా వెలువరించే ద్రవ ఆక్సిజన్, పెట్రోలుతో అన్ని అవస్థలు ఎందుకు పడిందో లే రాసిన ప్రతి పేజీలోనూ అర్థమవుతుంది.