జారిన గర్భసంచికి సిలికాన్ రింగు: కొన్నేళ్ళు వాడాక నా మాట

కిందికి జారిన గర్భసంచి ఇంకా దిగకుండా, ఆసరాగా యోనిలో పెట్టుకునే రింగు ఇది. ఇందులో నన్ను కట్టిపడేసిన సంగతి ఒక్కటే. నాకు నేనే పెట్టుకోవచ్చు, నాకు నేనే తీసుకోవచ్చు. కాన్పు గదిలో పడుకోబెట్టినప్పటినుంచీ నా ఒంటిమీద ఎవరెవరి చేతులో పడ్డాయి. ఈ ఒక్క పనీ బాత్రూం తలుపేసుకుని నేనొక్కదాన్నే చేసుకుంటాను. కజ్జికాయలా సగానికి మడిచి, కొసకి కాస్త జెల్లీ రాసి లోపలికి తోస్తే అదే విచ్చుకుని కూర్చుంటుంది. మొదట్లో వేళ్ళు జారి, ఎగిరి గోడకి కొట్టుకునేది లెండి.

నాది ఫోర్సెప్స్ కాన్పు, అంటే పట్టకారులాంటి దాంతో బిడ్డ తల పట్టి లాగారు. చిరుగు మలద్వారం కండరం దాకా పోయింది, మూడో డిగ్రీ అన్నారు. కుట్లయితే మానాయి. బాబు పాకే వయసొచ్చేసరికి మాత్రం, పొద్దుగూకితే చాలు, కింద ఏదో దిగిపోతున్నట్టు బరువు. మా వీధిలో అందరిదీ ఒకటే మాట: "గర్భసంచి తీయించెయ్యి, పీడా పోద్ది." మన రాష్ట్రంలో ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తారో లెక్కల్లోనే కనబడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు పైచిలుకైతే ఆంధ్రలో తొమ్మిదిమందికి దగ్గర. పట్టు తప్పింది కింది కండరాలకైతే, సంచి తీసేసినంత మాత్రాన ఆ పట్టు తిరిగి రాదని, తర్వాత యోని పైభాగమే జారొచ్చని డాక్టరమ్మ చెప్పారు. పైగా నాకింకో బిడ్డ కావాలని ఉంది. అందుకని రింగు.

పెట్టుకున్నాక ఉన్నట్టే తెలీదని అప్పట్లో మా తోటికోడలికి గొప్పగా చెప్పాను. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్ళే బస్సులో వెనక సీటు దొరికిన రోజు బాగానే తెలుస్తుంది.

ఇక ఓ పెళ్ళిలో జరిగిన సంగతి. ముక్తేశ్వరం వైపు చుట్టాలది. కోటిపల్లి రేవులో పంటు మీద, బైకుల మధ్య నిలబడి గోదారి దాటాం. పెళ్ళివారింట్లో నేలబేసిన్ లెట్రినే. ప్రయాణం, విందు భోజనాలు, రెండ్రోజులుగా మోషన్ లేదు. గొంతుక్కూర్చుని గట్టిగా ముక్కానో లేదో, టప్‌మని రింగు బేసిన్లో పడింది. బయట ఎవరో పిన్నిగారు "అయిందా అమ్మాయ్?" అని తలుపు కొడుతున్నారు. దాన్నెలాగో పైకి తీసి, కడిగి, కవర్లో చుట్టి కొంగులో దాచాను. మళ్ళీ పెట్టుకోవడానికి మనసొప్పలేదు. తలంబ్రాల వేళకి నడుం లాగేస్తోంది. కుచ్చిళ్ళ దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడితే తోటికోడలు "ఏంటక్కా ముఖం అలా మాడ్చుకున్నావ్, పెట్టిన చీర నచ్చలేదా?" అంది. చివరికి ఓ గదిలో దూరి, నడుం కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాస్త పైకి సర్దుకుంది. వడ్డనకి రాలేదని ఇప్పటికీ దెప్పుతారు.

ఊడిపోయిందంటే సైజన్నా చాలకపోవాలి, ముక్కడమన్నా ఎక్కువవ్వాలి, నీకు రెండూ అన్నారు డాక్టరమ్మ. 65 మిల్లీమీటర్లది మార్చి 70 ఇచ్చారు. రాత్రిపూట ఇసబ్‌గోల్ తాగమన్నారు. నేలబేసిన్ ఉన్నచోట ముందే తీసేసి కూర్చుంటాను. ఇంట్లో కమోడ్ దగ్గర కాళ్ళకింద పీట వేసుకుంటాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒకసారి తెల్లబట్ట ఎక్కువై, వాసన మొదలైంది. చూస్తే రింగు ఒరుసుకుని లోపల పుండు పడిందట. అది మానేదాకా రింగు లేకుండానే ఈడ్చాను. ఇప్పుడు వారానికో రాత్రి తీసి, మామూలు సబ్బుతో కడిగి ఆరబెడతాను. మూడు నాలుగు నెలలకోసారి చూపించుకుంటాను. ఇక గ్యాస్ ఆపుకోలేకపోవడం ఉంది చూశారూ, దానికి రింగు చేసేదేమీ లేదు, అది చిరిగిన కండరం వ్యవహారం. దగ్గో తుమ్మో వచ్చే ముందే కింద బిగించి పట్టడం ఫిజియోథెరపిస్టు నేర్పింది. మునుపటికంటే నయం, అంతే.

పెళ్ళి దెబ్బతో, బయటికెళ్తే హ్యాండుబ్యాగులో రెండో రింగు పెట్టుకుంటున్నాను, పాత వక్కపొడి డబ్బాలో. ఓ రోజు మా అత్తగారు వక్కపొడి అనుకుని మూత తీశారు. "ఇదేంటే, రబ్బరు గాజా?" విషయం చెప్పాను. "మీ ఆయన పుట్టినప్పటినుంచీ నాకూ ఇదే బాధ," అన్నారు. ఇన్నేళ్ళూ ఆ బరువుతోనే నాట్లకీ కోతలకీ వంగారన్నమాట!

ఆవిణ్ణీ తీసుకెళ్ళాను. ఆ వయసులో లోపలి పొర పల్చబడుతుందని ముందు కొన్నాళ్ళు హార్మోను క్రీం రాయించి, తర్వాత రింగు వేశారు. బాగానే కుదిరింది. అయితే ఆవిడవి కీళ్ళవాతం వేళ్ళు, మడవలేరు. రింగు నెలల తరబడి లోపలే ఉంటుంది, తీసి కడగాలంటే ఆసుపత్రికే వెళ్ళాలి. నేను పైన అంత పొగిడిన సుఖం ఆవిడకి లేనే లేదు. "నేను తీసి పెడతానత్తయ్యా" అంటే "చాల్లే, ఊరుకో" అంటారు.

కాబట్టి వేళ్ళు బాగా వంగేవాళ్ళూ, ఆపరేషన్ ఇప్పుడే వద్దనుకునేవాళ్ళూ అయితే ఓసారి డాక్టరుని అడిగి చూడండి. సైజు మీరే ఊహించుకుని ఆన్‌లైన్లో తెప్పించుకోకండి, కొలత వాళ్ళే చూడాలి. రక్తం కనబడితే ఆగకుండా వెళ్ళి చూపించుకోండి. నా మటుకు నాకు, ఇంకో కాన్పయ్యాక ఇదే సైజు నిలుస్తుందో, ఆపరేషన్‌కే వెళ్ళాల్సొస్తుందో, అప్పుడు చూసుకోవాలి.