ఇర్వైన్ రాంచ్ వాటర్ డిస్ట్రిక్ట్: అవసరాన్ని బట్టి నీరు

నీటి సరఫరాను అంచనా వేసేటప్పుడు ధార జోరునూ బిల్లునూ చూడడం మామూలే. అయితే వానలు తక్కువగా పడే దక్షిణ కాలిఫోర్నియాలో అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఒక వనరు ఎండిపోతే మరొకటి ఆదుకుంటుందా? ఆరెంజ్ కౌంటీలోని ఇర్వైన్‌కూ, దాని పరిసరాలకూ నీరందించే, 1961లో ఏర్పడిన ఈ సంస్థ ఆ ప్రశ్నకు గట్టి జవాబే ఇస్తుంది.

నాకు అన్నింటికన్నా నచ్చింది ఊదా రంగు పైపుల వ్యవస్థ. మురుగునీటిని శుద్ధిచేసి 1967లోనే పొలాలకు ఇవ్వడం మొదలుపెట్టిన ఈ సంస్థ, తర్వాత దానిని తాగునీటితో కలవని వేరే ఊదా రంగు పైపులలో పార్కులకు, ఆటస్థలాలకు, రోడ్డు పక్క పచ్చికకు, 1991 నుంచి ఎత్తయిన కార్యాలయ భవనాల్లోని టాయిలెట్లకు కూడా పంపుతోంది. గడ్డి తడపడానికి తాగే నీరు అక్కర్లేదన్న మాట అందరూ ఒప్పుకునేదే. దానికోసం ఊరంతా రెండో వరుస పైపులు వేయించడమే అసలైన శ్రమ. శీతాకాలంలో తోటలకు వాడకం తగ్గినప్పుడు మిగిలే నీటిని వేసవికి దాచేందుకు శాన్ వాకీన్ జలాశయాన్ని మార్చుకున్నారు.

తాగునీటిలో ఎక్కువ భాగం స్థానిక భూగర్భజలమే. లోతైన పొరల్లో ప్రాచీన వృక్షాల అవశేషాల వల్ల పలుచని టీ డికాక్షన్ రంగుతో ఉండే నీటిని వదిలేయకుండా, ఆ రంగును వడపోసే కేంద్రాన్ని 2002 నుంచి నడుపుతున్నారు. హానిలేని రంగు కారణంగా మంచి నీటిని పక్కన పెట్టకపోవడం నాకు ముచ్చటగా అనిపించింది.

లోపాలూ ఉన్నాయి. శుద్ధిచేసిన నీటిలో ఉప్పు కొంత ఎక్కువ కనుక సున్నితమైన మొక్కల విషయంలో జాగ్రత్త తప్పదు. కొలరాడో నది నుంచీ ఉత్తర కాలిఫోర్నియా నుంచీ వచ్చే కొనుగోలు నీటిపై ఆధారపడడమూ పూర్తిగా తప్పలేదు. అయితే ఆ ఆధారాన్ని కూడా జాగ్రత్తగానే వాడుకుంటున్నారు. పొరుగు సంస్థలతో కలిసి కట్టిన బేకర్ కేంద్రం 2017 నుంచి శుద్ధికాని నీటిని ఇక్కడే శుద్ధి చేస్తున్నందున, దూరాన ఉన్న శుద్ధి కేంద్రం ఆగినా సరఫరా పూర్తిగా నిలిచిపోదు. వానలు బాగా పడ్డ ఏళ్ళలో దొరికే నీటిని కెర్న్ కౌంటీలోని స్ట్రాండ్ రాంచ్ నేలలోకి ఇంకించి, కరువు వచ్చినప్పుడు తోడుకునే ఏర్పాటు కూడా ఉంది.