ఫ్యాక్టరీ వైరింగ్ మీద 100/90 హెడ్‌లైట్ బల్బులు: ఏడేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. కారుతో వచ్చిన వైరింగ్‌కు 100/90 వాట్ల బల్బులు (బ్రైట్‌కు 100, డిమ్‌కు 90) నేరుగా పెట్టకండి. నేను పెట్టి పద్నాలుగు నెలలు తిరిగాను. వెలుగు కొంచెం పెరిగింది, వేడి చాలా పెరిగింది, చివరికి బల్బు వెనక బిగించే హోల్డర్ ఒకటి కరిగిపోయింది. తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వేయించి అవే బల్బులు ఇంకో ఇరవై నెలలు వాడాను. ఇప్పుడు మామూలు 60/55 బల్బులే, కాకపోతే రిలే మీద. అలా నాలుగేళ్లు దాటింది. మూడు పద్ధతులూ ఒకే కారులో, ఒకే దారిలో చూశాను కాబట్టి తేడా నాకు బాగా తెలుసు.

నాది 2012 మోడల్ చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పక్కకు ఒక్కటే హెచ్4 బల్బు, అంటే డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం, వెనక కరెంటు అందుకునే మూడు రేకులుంటాయి. హై బీమ్ (బ్రైట్) 60 వాట్లు, లో బీమ్ (డిమ్) 55. ఉద్యోగం విజయవాడలో, ఊరు అవనిగడ్డ దగ్గర. శనివారం డ్యూటీ దిగాక కరకట్ట మీదుగా ఇంటికి వెళ్తాను. ఆ దారి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క పల్లం, చాలాచోట్ల ఒక్క దీపం కూడా ఉండదు. పంట సీజన్ వస్తే చెరకు, వరిగడ్డి వేసుకున్న ట్రాక్టర్లు వెనక ఒక ఎర్ర రిఫ్లెక్టర్ అయినా లేకుండా పోతుంటాయి. 2016 నవంబరులో తోట్లవల్లూరు దాటాక అలాంటి గడ్డి ట్రక్కు ఒకటి మరీ దగ్గరికి వెళ్లేదాకా కనపడలేదు. బ్రేకు మీద నిలబడితే ఆగింది. మర్నాడే బల్బులు మార్చాలని నిర్ణయించుకున్నాను.

షాపులో 100/90 ఇచ్చారు. పేరున్న కంపెనీవే, జత ఎనిమిది వందల లోపు. డబ్బా మీద రోడ్డు మీద వాడకానికి కాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అది నేను చదివింది ఏడాది తర్వాత. "వైరింగ్ ఏమీ మార్చక్కర్లేదా?" అని అడిగితే, "అందరూ ఇలాగే వేసుకుంటున్నారు సార్, ఫ్యూజు తట్టుకుంటుంది" అన్నారు. ఫ్యూజు నిజంగానే తట్టుకుంది. నా కారులో ఒక్కో పక్కకు 15 యాంప్స్ ఫ్యూజు ఉంది. 90 వాట్లంటే ఏడున్నర యాంప్స్, 100 వాట్లంటే ఎనిమిది పైచిలుకు. ఫ్యూజు ఎందుకు పోతుంది?

కానీ ఫ్యూజు ఉన్నది షార్ట్ అయినప్పుడు కాపాడటానికి. హోల్డర్‌లో రేకు వదులై అక్కడ వేడెక్కుతుంటే ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు. ఆ ముక్క నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది.

మొదటి నెల బాగానే అనిపించింది. వెలుగు పసుపు నుంచి కాస్త తెలుపుకు వచ్చింది, దగ్గరలో రోడ్డు బాగా కనపడేది. కానీ పెట్టిన వాట్లకు తగ్గ వెలుగైతే రాలేదు. 55 తీసి 90 పెట్టినప్పుడు ఒకటిన్నర రెట్లు కనపడాలి కదా, అంత లేదు. పొగమంచులో అయితే మునుపటి కంటే ఇబ్బందిగా ఉండేది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కరకట్ట మీద మంచు దట్టంగా పడుతుంది. ఎక్కువ వెలుగు ఆ మంచు మీద పడి తిరిగి కళ్లలోకే కొట్టేది, ఎదురుగా తెల్లటి దుప్పటి కట్టినట్టు ఉండేది.

ఆ తర్వాతి వేసవిలో స్టీరింగ్ పక్కన లైట్ల స్విచ్ ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. నా కారులో హెడ్‌లైట్ కరెంటు మొత్తం ఆ స్విచ్ లోపలి నుంచే వెళ్తుంది. ఎండల వల్లేమో అనుకుని వదిలేశాను.

2018 జనవరి, సంక్రాంతికి ఊరు వెళ్తున్నాం. వెనక సీట్లో అమ్మ. శ్రీకాకుళం దాటాక, ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, మా కృష్ణా తీరంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు, "ఏదో కాలుతున్న వాసన వస్తోందిరా" అంది అమ్మ. పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారేమో అన్నాను. ఇంకో రెండు కిలోమీటర్లకు ఎడమ లైటు మినుకుమినుకుమని ఆరిపోయింది. లో బీమూ లేదు, హై బీమూ లేదు. ముందు వెళ్తున్న ఆటో వెనకే మోపిదేవి దాకా ఇరవై స్పీడులో వెళ్లాం. అమ్మ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే.

పొద్దున్నే బానెట్ ఎత్తి హోల్డర్ లాగితే రాలేదు, బల్బు రేకుకు అంటుకుపోయింది. మెల్లగా కదిపి తీశాను. మూడు సందుల్లో ఎర్త్ వైపుది, అంటే కరెంటు తిరిగి బాడీకి వెళ్లేది, గోధుమ రంగుకు మారి అంచు కిందకి జారింది, కొవ్వొత్తి కారినట్టు. లోపలి ఇత్తడి క్లిప్పు నీలం రంగుకు తిరిగి పట్టు పూర్తిగా పోయింది, బల్బు రేకు అందులో వదులుగా ఆడుతోంది. దాని వెనక వైరు రెండంగుళాల మేర ఎండిన చిక్కుడు తీగలా గట్టిపడింది. వంచితే పైతొడుగు పెళుసుగా విరిగి లోపలి నల్లటి రాగి కనపడింది. ఎర్త్ సందే ఎందుకు పోయిందంటే, డిమ్ వేసినా బ్రైట్ వేసినా కరెంటు అందులోంచే పోవాలి. దానికి విశ్రాంతి లేదు.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఒకాయన ఉన్నారు, ముప్పై ఏళ్లుగా లారీల వైరింగ్ చేస్తున్నారు. హోల్డర్ చేతిలో పెట్టగానే, "అరంగుళం పైపుకు పెద్ద మోటారు బిగించావు బాబూ. నీళ్లు ఎలా వస్తాయి, మోటారు కాలడం తప్ప?" అన్నారు. మీటర్ తీసి ఇంకా వెలుగుతున్న కుడి పక్క హోల్డర్ వెనక పెట్టారు. ఎడమ పక్కకు తాత్కాలికంగా పాత హోల్డర్ ఒకటి కట్టి, రెండు బల్బులూ వెలిగించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూశాం. బ్యాటరీ దగ్గర 13.8 వోల్ట్‌లు, బల్బు దగ్గర 11.6. అంటే రెండు వోల్ట్‌ల పైన దారిలోనే పోతున్నాయి. అవే వైర్లకు నా పాత 60/55 బల్బులు పెట్టి చూస్తే 12.5 వచ్చింది.

విషయమంతా ఈ అంకెల్లోనే ఉంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. నేను 90 వాట్లకు డబ్బు పెట్టి, 11.6 వోల్ట్‌ల దగ్గర అందులో దాదాపు 40 శాతం పోగొట్టుకుంటున్నాను. వైరులో పుట్టే వేడి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు పెరిగితే వేడి రెండుంబావు రెట్లు అవుతుంది. ఆ వేడి వైరు పొడవునా సమానంగా కూడా ఉండదు. ఎక్కడ క్లిప్పు వదులుగా ఉందో, ఎక్కడ తుప్పు పట్టిందో అక్కడికే చేరుతుంది. అక్కడ వేడికి క్లిప్పు ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. కరిగేది ఒక్క రాత్రే కావచ్చు, కానీ ఆ పని పద్నాలుగు నెలల నుంచి జరుగుతూనే ఉంది.

రిలే కిట్ తొమ్మిది వందలు, కూలి నాలుగు వందలు అయింది. పింగాణీ హోల్డర్లు దాంతోనే వచ్చాయి. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు నేరుగా రిలేకు, అక్కడి నుంచి బల్బుకు. పాత ఫ్యాక్టరీ వైరు ఇక రిలేను ఆన్ చేయడానికి మాత్రమే, అందులో వెళ్లే కరెంటు ఒక యాంప్ కూడా ఉండదు. స్టీరింగ్ స్విచ్ ఆ రోజు నుంచి వెచ్చబడలేదు. బాబాయ్ పట్టుబట్టి చేసినవి రెండున్నాయి. ఒకటి, బ్యాటరీ టెర్మినల్ దగ్గరే, జానెడు దూరంలోపు ఫ్యూజు పెట్టారు. ఫ్యూజు దూరంగా ఉంటే ఆ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేది ఏమీ ఉండదు. రెండోది, ఎర్త్. కిట్‌లో వచ్చిన సన్నటి ఎర్త్ వైరు పక్కన పడేసి, రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరు వేసి, బాడీ మీద పెయింట్ గీకి రేకు మెరిసేదాకా రుద్ది బోల్ట్ బిగించారు. రిలేలను కూడా పిన్నులు కిందికి ఉండేట్టు, చక్రం నీళ్లు చిమ్మని చోట పెట్టారు.

మీరు కిట్ కొంటే వైరు కొసన కాస్త తొడుగు ఒలిచి చూడండి. పైకి లావుగా కనిపించి లోపల పది పోగుల రాగి కూడా ఉండనివి చాలా అమ్ముతున్నారు. ఇంకో మాట, కొన్ని జపాన్ తరహా కార్లలో స్విచ్ ప్లస్‌ను కాకుండా ఎర్త్‌ను ఆన్, ఆఫ్ చేస్తుంది. వాటికి మామూలు కిట్ పెడితే సరిగ్గా పనిచేయదు. ముందు మీటర్‌తో చూసుకున్నాకే కొనండి.

రిలే మీద 100/90 వెలుగు అద్భుతం, ఇందులో దాపరికం లేదు. బల్బు దగ్గర 13.4 వోల్ట్‌లు. బ్రైట్ వేస్తే గట్టు వంపు తిరిగే చోటు దాకా చెట్ల మొదళ్లు లెక్కపెట్టొచ్చు. ఆ ఇరవై నెలలూ నేను చాలా ధైర్యంగా నడిపాను. ఆ వెలుగు ఎదుటివాళ్ల మీద ఎలా పడుతోందో ఆలోచించలేదు.

2019 అక్టోబరులో ఒక రాత్రి ఎదురుగా మోపెడ్ మీద ఒక పెద్దాయన వస్తున్నారు. నేను డిమ్‌లోనే ఉన్నాను. ఆయన ఒక చెయ్యి హ్యాండిల్ వదిలేసి కళ్లకు అడ్డం పెట్టుకున్నారు, బండి అంచుకు జరిగి ముందు చక్రం గట్టు వాలులోకి దిగింది. కాళ్లు ఆనించి ఎలాగో ఆపుకున్నారు. కారు ఆపి పరుగెత్తాను. దెబ్బలేమీ తగల్లేదు. "డిమ్ వేసుకోవచ్చు కదా నాయనా" అన్నారు. డిమ్‌లోనే ఉన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరం కలిసి బండిని పైకి లాగాం. ఆయన్ను ఊరి మొదట్లో దింపుతానంటే వద్దని, మోపెడ్ తోసుకుంటూ వెళ్లిపోయారు.

ఆ వారమే 100/90 తీసేశాను. తీసినప్పుడు చూస్తే రిఫ్లెక్టర్‌లో బల్బుకు సరిగ్గా పైన రూపాయి బిళ్లంత మేర వెండిలా మెరిసే పూత మసకబారి, ముట్టుకుంటే పొడిలా రాలింది. ఆ అద్దం 60 వాట్ల వేడికి చేసింది. వైరింగ్ ఎంత బాగుచేసినా ఆ వేడి ఎక్కడికీ పోదు. ఎడమ హెడ్‌లైట్ మొత్తం మార్చాల్సి వచ్చింది, అది బల్బుల ఖర్చుకు నాలుగింతలు.

ఇప్పుడు రిలే మీద 60/55 బల్బులు. బల్బు దగ్గర 13.5 వోల్ట్‌లు వస్తున్నాయి. ఫ్యాక్టరీ వైరింగ్ మీద 12.5 దగ్గర వెలిగిన బల్బుతో పోలిస్తే వెలుగు సుమారు 30 శాతం ఎక్కువ. లెక్క వేస్తే, నేరుగా పెట్టిన 90 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగు కూడా దాదాపు ఇంతే. కంటికీ అలాగే ఉంది. నేను మొదటి రోజు కోరుకున్నది ఈ వెలుగే, డబ్బు పెట్టాల్సింది రాగి వైరు మీద, వాట్ల మీద కాదు.

నష్టం ఒకటుంది. వోల్టేజీ నిండుగా అందితే ఫిలమెంట్ త్వరగా పోతుంది. ఇంతకుముందు మూడేళ్లు వచ్చే బల్బు ఇప్పుడు ఏడాదిన్నర కూడా రావడం లేదు. జత ధర చూస్తే నాకది భారం కాదు, డ్యాష్‌బోర్డులో ఒక స్పేర్ బల్బు ఎప్పుడూ ఉంచుతున్నాను. అదే వాట్లలో వెలుగు ఎక్కువ ఇస్తామనే ఖరీదైన బల్బులు కూడా ఒకసారి వాడాను. ముందు కనపడే దూరం కొంచెం పెరిగింది, ఎనిమిది నెలల్లో రెండూ పోయాయి. నీలం పూత బల్బుల జోలికి మాత్రం వెళ్లకండి, ఆ పూత వెలుగును మింగేస్తుంది.

రిలే వేయించే ముందు పెద్దగా ఖర్చు లేని రెండు పనులు చేసి చూడమంటాను. హెడ్‌లైట్ ప్లాస్టిక్ మసకబారి ఉంటే నీళ్ల గరుకు కాగితంతో, వెయ్యి నంబరు, తర్వాత రెండు వేలు, రుద్ది పాలిష్ పట్టండి. మా తమ్ముడి కారుకు ఇదొక్కటే చాలింది. రెండోది ఎత్తు. సమతలంగా ఉన్న చోట గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి డిమ్ వేయండి. వెలుగు అంచు లైటు ఎత్తు కంటే పది సెంటీమీటర్లు కిందకి పడాలి. నాది ఎడమది నేలను చూస్తోంది, కుడిది ఎదురొచ్చే వాళ్ల కళ్లను చూస్తోంది. స్క్రూ తిప్పడం పది నిమిషాల పని.

ఇప్పటికే నేరుగా 100/90 పెట్టుకుని తిరుగుతున్న వాళ్లు ఈ రాత్రి అరగంట లైట్లు వేసి నడిపాక, ఆపి, ఐదు నిమిషాలాగి హోల్డర్ వెనక వైరు పట్టుకుని వంచి చూడండి. మెత్తగా వంగితే ఇంకా సమయం ఉంది. గట్టిగా ఉంటే రేపే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.

మొన్న సంక్రాంతికి వెళ్లే ముందు మళ్లీ మీటర్ పెట్టాను. ఎడమ 13.5, కుడి 13.1. కుడి ఎర్త్ బోల్ట్ విప్పితే కింద పచ్చగా చిలుము పట్టింది. రుద్ది, కాస్త వాజలైన్ రాసి బిగించాక 13.5కు వచ్చింది.